తలపోతయా, అభియోగమా?

ఇటలీదేశపు చలనచిత్రకర్తలలో అగ్రగణ్యుడగు ఫెడెరికో ఫెల్లినీ 1973వ సంవత్సరమున వెలువరించిన "అమర్‌కోర్డ్" అను చిత్రమునకు నేటికి అర్ధశతాబ్దము దాటినది. ఇన్ని యేండ్లు గడచినను దానిని గూర్చిన వాదము చల్లాఱలేదు. కొందఱు దానిని ఆ కళాకారుని కృతులలో మకుటాయమానమని కొనియాడుచున్నారు. మఱికొందఱు తల తోక లేని కలగూరగంప యని పెదవి విఱుచుచున్నారు. ప్రక్కప్రక్కల కూర్చుండి చూచిన యిరువురిలో ఒకరు కన్నులు తుడుచుకొనుచు లేచుటయు, రెండవవారు గడియారము చూచుకొనుచు లేచుటయు కద్దు. ఇది కేవలము రుచిభేదమైనచో లోకమున రుచులు పలువిధములని చెప్పి విడిచిపెట్టవచ్చును. కాని యీ వాదము నడుగున నున్న ప్రశ్న అంత తేలికయైనది కాదు. ఒక దేశము నిరంకుశపాలనకు తలయొగ్గి గడపిన దినములను, ఆ దినములలోనే బాల్యము గడపినవాడు ప్రేమతో తలచుకొనవచ్చునా? తలచుకొన్నచో ఆ ప్రేమ ఆ పాలనకు క్షమాపణ మగునా? ఈ ప్రశ్న కళాభిమానులకే గాక పౌరధర్మమును గూర్చి యోచించు ప్రతివారికిని సంబంధించినది.

ముందుగా చిత్రమును చూడని పాఠకులకు దాని స్వరూపమును కొంత తెలుపుట యుక్తము. "అమర్‌కోర్డ్" అనునది ఇటలీ తూర్పుభాగమున, అడ్రియాటిక్ సముద్రతీరమునగల రొమాన్యా ప్రాంతపు మాండలికమునుండి కూర్చిన పలుకు. "నాకు జ్ఞాపకమున్నది" యని దాని భావము. ఆ ప్రాంతమందలి రిమినీ పట్టణమున ఫెల్లినీ 1920వ సంవత్సరము జనవరి 20వ తేదీన జన్మించి, 1939లో రోమునగరమునకు తరలిపోయెను. అతనితో కలిసి చిత్రకథను వ్రాసిన కవి టోనినో గ్వేర్రాయు అదే యేట, రిమినీకి చేరువనున్న సాంతార్కాంజెలో అను ఊర జన్మించినవాడే. ఏబది యేండ్లు దాటిన వయసున ఈ యిరువురును తాము విడిచివచ్చిన సీమను తలచుకొని అల్లిన చిత్ర మిది. సంగీతము నీనో రోటాది. ఛాయాగ్రహణము జుసెప్పె రొటున్నోది. 1974లో న్యూయార్కు చిత్రవిమర్శకుల సంఘము దానిని ఆ యేటి యుత్తమచిత్రముగా నెన్నుకొనెను. 1975లో అమెరికా చలనచిత్ర అకాడమీవారు ఉత్తమ విదేశీభాషాచిత్ర బహుమానము నొసంగిరి. విన్సెంట్ కాన్బీ, రోజర్ ఎబర్ట్ వంటి ప్రసిద్ధ విమర్శకులు మిక్కిలిగా శ్లాఘించిరి.

కథ యని చెప్పదగినది ఇందు స్వల్పము. వసంతారంభమున తెల్లని చెట్లనూగు గాలిలో తేలివచ్చుటతో చిత్రము ప్రారంభమగును. మఱుసటి వసంతమున అదే నూగు మఱల తేలివచ్చుటతో ముగియును. నడుమ నున్నది ఒక సంవత్సరము, ఒక ఊరు. చలికాలమును సాగనంపుటకు ఊరివారందఱు ముసలి మంత్రగత్తె బొమ్మను కట్టెలకుప్పపై నెక్కించి తగులబెట్టుదురు. బడిపిల్లలు పంతుళ్లను వేపుకొని తిందురు. టిట్టా యను కుఱ్ఱవాని యింట భోజనపుబల్లకడ తండ్రి ఔరేలియోయు, తల్లి మిరాండాయు నిత్యము కేకలు వేసికొందురు. పిచ్చాసుపత్రినుండి ఒకపూట విహారమునకు తీసికొనివచ్చిన తెయో యను బంధువు చెట్టెక్కి కూర్చుండి, తన కొక స్త్రీ కావలెనని గంటల తరబడి అఱచును. పైకెక్కబోయినవారిని ఱాళ్లతో కొట్టును. తుదకు ఒక మఱుగుజ్జు సన్న్యాసిని వచ్చి నిచ్చెన యెక్కగనే పసిబిడ్డవలె దిగివచ్చును. మంచు కురిసిన దినమున, పిల్లలు ఆడుకొనుచున్న కూడలిలో, ప్రభువుగారి నెమలి యెక్కడనుండియో యెగిరివచ్చి తెల్లని నేలపై పురివిప్పి నిలుచును. ఒక దృశ్యమునకు వేఱొక దృశ్యము హేతువు కాదు. ఒకటి ముగియును, మఱొకటి మొదలగును.

ఈ చిత్రముపై వచ్చిన యాక్షేపణలు ముఖ్యముగా మూడు. మొదటిది, కథయే లేదనునది. రెండవది, హాస్యము మోటు, స్త్రీపాత్రలు వట్టి బొమ్మలు అనునది. మూడవది, అన్నింటికంటె గట్టిది: ఫాసిస్టు పాలనవంటి ఘోరమును ముచ్చటగా, నవ్వులాటగా చూపినాడనునది. వీనిని వరుసగా విచారింతము.

కథ లేదనువారి మాట నిజమే. కాని కథ లేకుండుట దోషమని యెవరు చెప్పిరి? ఋతుసంహారమునకు కథ యేమున్నది? ఆఱు ఋతువులు ఒకదానివెంట నొకటి వచ్చి పోవుటయే దాని నడక. దశకుమారచరిత్రమున పదిమంది కుమారులు ఎవరి కథను వారు చెప్పికొందురు. వానిని కలిపి కట్టిన దారము మిక్కిలి సన్నము. అయినను ఆ గ్రంథములను చదివి ఆనందించుటకు మనవారికి అడ్డంకి కలుగలేదు. మఱియు బాల్యస్మృతికి సహజమైన రూపమే యిది. మన బాల్యమును తలచుకొన్నప్పుడు ఆద్యంతములు గల కథ యేదియు మనస్సునకు రాదు. ఒక యెండకాలపు మధ్యాహ్నము, ఒక తగవు, ఒకరి నవ్వు, ఒక శవయాత్ర, ఇట్లు ముక్కముక్కలుగా వచ్చును. ముక్కలను హేతుబద్ధముగా కూర్చువాడు చరిత్రకారుడు. తలపోయువాడు అట్లు కూర్పడు. కావున ఫెల్లినీ యెన్నుకొన్న రూపమునందు లోపము లేదు. ఆ రూపమునకు వేఱొక ప్రయోజనము సయితము కలదు; దానిని ముందు తెలిపెదము.

రెండవ యాక్షేపణను మేము పూర్తిగా త్రోసిపుచ్చజాలము. ఇందలి హాస్యము పలుతావుల మలమూత్రముల చుట్టును, అవయవముల చుట్టును తిరుగును. సభ్యసమాజమున పెద్దలు పిల్లలతో కూడి చూచునట్టిది కాదు. స్త్రీలసంగతి మఱియు విచారింపదగినది. ఊరివారికందఱకు ఆరాధ్యసుందరియగు గ్రదీస్కా, పొగాకుదుకాణపు స్థూలకాయ, సముద్రపుటొడ్డున మతిచలించి తిరుగు వోల్పీనా, వీరిలో నెవ్వరి యంతరంగమును మనకు దాదాపు తెలియదు. కుఱ్ఱల కన్నులకు వారెట్లు కనబడిరో అట్లే తెరపై కనబడుదురు. సమర్థించువారు, ఇది కుఱ్ఱల స్మృతిగదా, వేఱు విధముగా నెట్లుండునని వాదింతురు. ఆ వాదము కొంతవఱకే నిలుచును. తలచుకొనువాడు కుఱ్ఱవాడు కాడు; ఏబది దాటినవాడు. అట్టివానికి ఇంకొంత చూపు ఉండవలసినదని కోరుట అన్యాయము కాదు. ఒక్క తల్లి మిరాండాను మాత్రము అతడు నిండు మనిషినిగా తీర్చినాడు. ఆమె జబ్బుపడి, ఆసుపత్రి మంచముపైనుండి కొడుకును పలుకరించు దృశ్యమున ఆ నిత్యకలహముల వెనుక నున్న ప్రేమ యంతయు బయటపడును. ఆమె మరణానంతరము, అంతవఱకు ఇల్లు మాఱుమ్రోగిన కేకలే మనకు ప్రియములై తోచును.

ఇక మూడవది. బేనిటో ముస్సోలినీ 1922 అక్టోబరున అధికారమునకు వచ్చి, 1943 జూలైవఱకు ఇటలీ నేలెను. 1924లో తన్నెదిరించిన శాసనసభ్యుడు జాకోమో మత్తెయోత్తి హత్య చేయబడెను. 1935లో ఇథియోపియాపై దండయాత్ర సాగెను. 1938లో యూదుల హక్కులను హరించు జాతిశాసనములు వెలువడెను. వీనిలో నేదియు ఈ చిత్రకథలో స్థానము పొందలేదు. అదే కాలమును గూర్చి 1970లో వెలువడిన రెండు చిత్రములను దీనితో పోల్చువారు కలరు. బెర్నార్డో బెర్తొలూచ్చి నిర్మించిన "కన్ఫార్మిస్టు"లో హత్య యున్నది. విత్తోరియో దె సీకా నిర్మించిన "ఫింజి-కోంతీనీల తోట"లో యూదుల నిర్బంధ మున్నది. ఫెల్లినీ చిత్రముననో నల్లచొక్కాలవారు పరుగులెత్తు విదూషకులు. ఒక దేశమును చితికి చేర్చిన ముఠాను చూచి ప్రేక్షకులు నవ్వి యింటికి పోవుట సరియా యని ఆక్షేపకులు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనది. సమాధానము చెప్పక దాటవేయరానిది.

సమాధానము చిత్రమునందే వెదకవలెను. ఏప్రిలు 21వ తేదీ రోమునగరపు జన్మదినముగా ఆ కాలమున ఉత్సవము జరుపబడుచుండెను. ఆనాడు ఒక ఫాసిస్టు అధికారి రిమినీకి వచ్చును. స్టేషనునుండి పొగలోనుండి, దుమ్ములోనుండి ఆయన పరుగెత్తుకొని రాగా, ఆయన వెంట ఊరి పెద్దలు, పంతుళ్లు, పిల్లలు అందఱును పరుగెత్తుదురు. నిన్న తరగతిలో గంభీరముగా పాఠములు చెప్పినవారే నేడు నల్లచొక్కాలు తొడిగి, రొప్పుచు, కేకలు వేయుచు పరుగెత్తుట చూడనగును. గ్రదీస్కా ఆయనను తాకినచాలునని పరవశురాలగును. తరువాత, పూలతో కూర్చిన ముస్సోలినీ ముఖము ఒక పెద్ద తెరవలె లేచి నిలుచును. దానిని చూచుచున్న చిచ్చో అను లావుపాటి బడిపిల్లవాడు, తాను మనసుపడిన బాలికతో ఆ ముఖమే తనకు వివాహము చేయించుచున్నట్లు పగటికల కనును. ఆ పూలముఖము నోరు తెఱచి పెండ్లి జరిపించును.

ఈ దృశ్యమే మాకు చిత్రమునకంతకు తాళపుచెవిగా తోచుచున్నది. ఒక బాలుని మూగవలపు, ఒక నాయకుని పూజ, రెండును ఒక్క కలలో కలిసిపోయినవి. నిరంకుశుడు ప్రజలను భయపెట్టియే వశపఱచుకొనునని మనము సాధారణముగా తలంతుము. ఫెల్లినీ చూపునది వేఱు. ప్రజలు తమ కోరికలను, తమ చేతగానితనమును, తమ కలలను ఎవరో ఒక పెద్దముఖమున కప్పగించి, ఆ ముఖమే తమకన్నియు సమకూర్చునని నోరు వెళ్లబెట్టుకొని నిలుచుట యతడు చూపినాడు. చెట్టుపై కూర్చుండి అఱచిన తెయో ఒక యాజ్ఞకు దిగివచ్చినట్లే, ఊరంతయు ఆజ్ఞకొఱకు వేచియున్నది. ఫాసిజమును కౌమారమును ఫెల్లినీ స్వయముగా జోడించి మాటలాడియున్నాడు. పెద్దవారు కాకుండుటయే, తమ బాధ్యతను పరులమీద నుంచి ఎల్లకాలము కుఱ్ఱలై యుండగోరుటయే ఆ రోగమని అతని యాశయము. ముస్సోలినీ సయితము అదే రొమాన్యా ప్రాంతమందలి ప్రెదాప్పియో అను ఊర 1883లో పుట్టినవాడే యనుట ఇచ్చట జ్ఞాపకముంచుకొనదగినది. రోగము పరదేశమునుండి దిగుమతియైనది కాదు. ఆ నేలలోనే మొలచినది.

ముక్కముక్కల నిర్మాణమునకు వేఱొక ప్రయోజనము కలదంటిమి. అది యిప్పుడు స్పష్టమగును. ఒక పనికి ఫలితము, ఒక మాటకు బాధ్యత, నిన్నటికి నేటికి సంబంధము, ఇవి గలవాడే పెద్దవాడు. కౌమారమునకు నిన్న లేదు, రేపు లేదు. ప్రతిదినము ఒక విడి సంబరము. ఈ ఊరివారి జీవితము అట్లే యున్నది. మంట సంబరము, మోటారుబండ్ల పందెము, అధికారి రాక, ఓడను చూడబోవుట, అన్నియు వారికి ఒక్కటే. ఒకదానినుండి ఏమియు నేర్చుకొనక మఱొకదానికి పరుగెత్తుదురు. వారి బ్రదుకునకు కథ లేదు గనుకనే చిత్రమునకు కథ లేదు. ఆక్షేపకులు దోషమని చూపినదియే నిందాపత్రమైనది.

ఆ యుత్సవపు రాత్రియే మఱొక సంగతి జరుగును. హఠాత్తుగా దీపము లాఱిపోవును. చీకటిలో, గంటలగోపురముమీదనుండి "అంతర్జాతీయ గీతము" వినవచ్చును. శ్రామికుల పాట యది. ఆనాటి ఇటలీలో నిషిద్ధము. నల్లచొక్కాలవారు బెదరి, గోపురముమీదికి తుపాకులు కాల్తురు. తుదకు పడినది ఒక గ్రామఫోను పెట్టె. ఒక పెట్టెను చంపుటకు ఒక సైన్యము! ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వు చల్లాఱకముందే ఔరేలియోను పట్టుకొనివత్తురు. అతడు కట్టడపు పనులు చేయించు మేస్త్రీ. పాలకులయెడ అనుమానము గలవాడు. నాటి యుత్సవమున బయటికిపోయి చిక్కులు తెచ్చుకొనునను భయముతో భార్య గేటుకు తాళమువేసి యాపియుండెను. విచారణయను పేర వారు అతనిచేత ఆముదము త్రాగింతురు. ఆముదమనగా మన యిండ్లలో బిడ్డలకు పోయు మందు. ఫాసిస్టుల చేత నది ఆయుధమైనది; ప్రత్యర్థులచేత బలవంతముగా త్రాగించి, బట్టలలో విరేచనములై వీథులవెంట నడచిపోవునట్లు చేసి, ప్రాణముకంటె ముందు మానము తీయుట వారి పద్ధతి. ఇది కల్పన కాదు. 1920లనుండి ఇటలీ యంతట జరిగిన సత్యము.

అర్ధరాత్రివేళ ఇల్లు చేరిన ఔరేలియోను భార్య మిరాండా వేడినీటితొట్టిలో కూర్చుండబెట్టి, బిడ్డను కడిగినట్లు కడుగును. పగలంతయు పోట్లాడుకొను ఆ దంపతులు ఆ వేళ ఒక్క కేకయు వేయరు. నిద్రలేచివచ్చిన కుమారుడు టిట్టా ఆ కంపు పసిగట్టి నవ్వును. పట్టించినవాడెవరు? ఆ యింటనే తిని, ఆ యింటనే పండుకొను బావమఱది లాల్లోయే యని ఔరేలియో అనుమానము. ఈ దృశ్యమును చూచినవారు, ఫెల్లినీ ఫాసిజమును ముద్దుచేసినాడని యెట్లు చెప్పగలరో మాకు బోధపడదు. అక్కడ నవ్వు ఉన్నది, నిజమే. నవ్వినవాడు ఎవడు? తండ్రికి జరిగినది తెలియని కొడుకు. అంతకు క్షణముముందు గ్రామఫోనుపెట్టెను చూచి మనము నవ్వితిమి. అతని నవ్వును విన్నపిదప మన నవ్వు మన గొంతులో నిలిచిపోవును. ముదిమిలో ఆ చిత్రమును తలపోయువాడు, తన కౌమారపు నవ్వును తానే సాక్ష్యముగా తెచ్చి న్యాయస్థానమున నిలబెట్టినాడు. తలపోత అభియోగముగా మాఱినది ఇచ్చటనే.

చిత్రమును కేవలము మధురమని మెచ్చువారును పొరపడుచున్నారని మా యభిప్రాయము. వీరి సంఖ్య ఆక్షేపకులకంటె నెక్కువ. వారికి రోటా సంగీతము, నెమలి, నూగు, సముద్రము చాలును; తక్కినది కంటికానదు. అట్టివారు "రెక్స్" ఓడ దృశ్యమును మఱల చూడవలెను. ఫాసిస్టు ప్రభుత్వమునకు గర్వకారణమైన ఆ మహానౌక 1931లో జలప్రవేశము చేసి, 1933లో అట్లాంటికును వేగముగా దాటి బహుమానము పొందినది. చిత్రమున ఊరివారందఱు చిన్నపడవలలో సముద్రముమీదికి పోయి, రాత్రియంతయు వేచియుందురు. నిద్రమత్తులో నుండగా ఆ ఓడ దీపకాంతులతో వచ్చును, చేతు లూపుదురు, కన్నీరు కార్తురు, ఓడ వెళ్లిపోవును. ఎంత సుందరమైన దృశ్యము! కాని ఆ సముద్రము ప్లాస్టిక్ పఱపు. ఆ ఓడ రోమునగరమందలి చినెచిత్తా స్టూడియోలో కట్టిన కట్టడము. ఈ మోసమును ఫెల్లినీ దాచుటకు యత్నింపలేదు. నీరు నీరువలె నుండదు, ఓడ ఓడవలె నుండదు. మఱియు నిజముగా రెక్స్ ఓడ నడచిన మార్గము జెనోవానుండి న్యూయార్కునకు. జెనోవా రేవు ఇటలీకి పడమటి ప్రక్కనున్నది, రిమినీ తూర్పుప్రక్కనున్నది. ఆ జనులు రేయంతయు వేచి చూచిన వైభవము అట్టతో చేసినదని దర్శకుడు చెప్పకయే చెప్పుచున్నాడు. 1944 సెప్టెంబరున బ్రిటిషు విమానములు ఆ నౌకను త్రియెస్తె చేరువను తగులబెట్టి ముంచివేసినవి. అదే యేట, అదే నెలలో రిమినీ యుద్ధభూమియైనది. అంతకుముందే బాంబులచే ఊరు చాలవఱకు నేలమట్టమైనది. ఫెల్లినీ చూపిన యూరు చిత్రము తీయునాటికే లేదు. ఉండినను అచ్చటికి పోక స్టూడియోలో తిరిగి కట్టించుటలో గల యర్థ మిదియే: జ్ఞాపకము నిజమువంటిది కాదు, కట్టుకొన్నది, కట్టుకొన్నవాడు దానికి ఉత్తరవాది.

ఫెల్లినీని మేము సర్వవిధముల సమర్థించుట లేదు. ఆముదపు దృశ్యము ముగిసినవెంటనే చిత్రము మఱొక ముచ్చటకు, గ్రాండు హోటలు కథలకు, దాటిపోవును. ఔరేలియో గాయమునకు తరువాత ఎచ్చటను ప్రతిధ్వని లేదు. ఊరు మఱచిపోవుటను చూపబోయి, చిత్రమే మఱచిపోయినట్లు కొందఱికి తోచినచో తప్పు వారిదని చెప్పలేము. మంచుకప్పిన వీథులలో ఆడుకొను జనులను చూచి మైమఱచిన ప్రేక్షకుడు, ఆ జనులలోనే పట్టించినవాడును, త్రాగించినవారును ఉన్నారని తనంతట జ్ఞాపకము చేసికొనవలెను. ఆ భారమును దర్శకుడు ప్రేక్షకునిపై మోపినాడు. మోయలేనివారికి ఈ చిత్రము వట్టి పూలగుత్తియై మిగులును. ఇది సాహసమందమా, ఏమఱుపాటందమా? మేము సాహసమనియే తలచుచున్నాము. కాని యా సాహసమునకు చెల్లింపవలసిన మూల్యము లేకపోలేదని యొప్పుకొనుచున్నాము.

అట్లని, దీనికంటె బెర్తొలూచ్చి పద్ధతియే మేలనువారితో మేము ఏకీభవింపజాలము. హంతకుని తెరపై చూచునప్పుడు ప్రేక్షకుడు, "నేను వీడను కాను" అని నిశ్చింతగా నుండును. ఇచ్చట అట్టి నిశ్చింత దొరకదు. లాల్లో మన బంధువులలో నొకడు. పరుగెత్తిన పంతులు మనకు చదువు చెప్పినవాడు. చూచి నవ్వినవాడు మనయంతటివాడు. ఘోరము జరుగుటకు ఘోరమైన మనుష్యులు కొలదిమంది చాలుదురు. కాని అది యిరువదియేండ్లు నిలుచుటకు, మనవంటి ముచ్చటైన మనుష్యులు లక్షలు కావలెను. ఈ రెండవ సత్యమును కోపముతో చెప్పినచో ఎవ్వరును వినరు. ప్రేమించినవాడు చెప్పిననే వినబడును. కావున ప్రేమ యిచ్చట క్షమాపణ కాదు; సాక్షికి కావలసిన మొదటి యర్హత. ఆ ఊరిని ద్వేషించినవాడు దాని లోపలి గదులలోనికి పోజాలడు.

చిత్రమున మఱొక చిన్నదృశ్యమున్నది. ఒక యుదయమున దట్టమైన పొగమంచు కమ్ముకొనును. టిట్టా తాతగారు గుమ్మము దాటి నాలుగడుగులు వేసి, దారి తప్పి, ఏమియు కానరాక, చావన్న నిట్లే యుండునేమో, ఇట్లైనచో అది మంచిపని కాదని గొణుగుకొనును. పోవుచున్న బండివానిని తన యిల్లెక్కడని యడుగును. నీవు నిలిచియున్నది నీ యింటిముందేయని వాడు చెప్పి పోవును. హాస్యమనిపించు ఈ ముక్క మాకు చిత్రమందలి నీతివలె తోచినది. తన గుమ్మము ముందే నిలిచి దారి తప్పుట ముసలివానికే గాదు, జాతులకు సయితము కలుగును. అట్టివేళ ఎవ్వడో బండివాడు వచ్చి, నీవెక్కడ నున్నావో చెప్పవలెను. కళాకారుని పని అంతమాత్రమే. చేయిపట్టి లోనికి నడపించుట అతని పని కాదు.

రిమినీ పట్టణము తన బిడ్డను మఱవలేదు. ఫెల్లినీ 1993 అక్టోబరు 31వ తేదీన మరణించినపిదప అచ్చటనే సమాధి చేయబడెను. బాల్యమున అతడు చిత్రములు చూచిన ఫుల్గోర్ సినిమాశాల 2018లో తిరిగి తెఱువబడెను. 2021లో అతని పేర ఒక ప్రదర్శనశాల వెలసెను. యాత్రికులు వచ్చి, గ్రదీస్కా కూర్చున్న సినిమాశాల యేది, గ్రాండు హోటలు ఏది యని వెదకి చూచి సంతోషించుచున్నారు. సంతోషింపవలసినదే. కాని వెదకవలసిన చోటు మఱొకటి యున్నది: అర్ధరాత్రి ఆ నీటితొట్టి యుంచిన వంటయిల్లు. దానిని ఏ ప్రదర్శనశాలయు చూపజాలదు; అది ప్రతి యూరను, ఏదో యొక కాలమున, ఏదో యొక యింట నుండును.

తుది దృశ్యమున గ్రదీస్కా వివాహము. ఎన్నియో యేండ్లు గొప్ప నాయకుల కొఱకు, సినిమాలలోని గారీ కూపరువంటి వీరుని కొఱకు కలలు కన్న ఆమె ఒక సామాన్య పోలీసువానిని పెండ్లాడి, బండి యెక్కి వెళ్లిపోవును. మైదానమున విందు, గ్రుడ్డివాడు హార్మోనియమువంటి వాద్యమును వాయించుచుండును, వచ్చినవారు ఒక్కరొక్కరుగా వెడలిపోదురు. తెల్లని నూగు మఱల గాలిలో తేలుచుండును. ఏడాది గడచినది, ఊరు పెద్దది కాలేదు. ముందున్నది యుద్ధమని వారికి తెలియదు, మనకు తెలియును. ఆ తెలిసినతనమే ఆ మైదానపు సౌందర్యమును భరింపరానిదిగా చేయుచున్నది. ఎవరి బాల్యము వారికి తీయన. తీపిని కాదనుట యెవరి తరమును కాదు. కాని మన మెప్పుడు నవ్వితిమో, అప్పుడు ప్రక్కగదిలో ఎవరు ఏడ్చుచుండిరో యడిగి తెలిసికొనుట మాత్రము పెద్దవారమైనపిదప మనకు విధి. ఆ విధిని నెఱవేర్చిన తలపోత గనుకనే "అమర్‌కోర్డ్" నిలిచినది. ఇంకను నిలుచునని మా విశ్వాసము.